వాడికి వినపడని పరుషాలు



ఈ టపా రాయడానికి చాలా కాలం వెనకాడాను. ఛందస్సు గురించో సంధుల గురించో రాయమంటే నాకు సులువు. సొంత పొరపాటు గురించి రాయడం అంత సులువు కాదు. అయినా పసిపిల్లలున్న ఇళ్ళలో నాలాంటి పెద్దవాళ్ళు ఎందరో ఉంటారు కనుక రాస్తున్నాను.

2020 అక్టోబరులో ఒక ఆదివారం. రేపల్లెలో మా అమ్మాయి ఇంటి వసారా. మనవడికి అప్పటికి ఇరవై నెలలు. నేల మీద కూర్చుని చెక్క లారీని అటూ ఇటూ తోసుకుంటున్నాడు. నేను పిల్లిలా వాడి వెనక్కు వెళ్ళి, స్టీలు పళ్ళెం మీద గరిటెతో ఠంగుమని కొట్టాను. వాడు ఉలిక్కిపడి తిరిగి చూశాడు. నన్ను చూసి నవ్వాడు కూడా.

"చూశావా తల్లీ! చెవులు దివ్యంగా ఉన్నాయి. ఇంకెప్పుడూ ఆ మాట అనకు" అన్నాను.

మా అమ్మాయి ఏమీ అనలేదు. పళ్ళెం నా చేతిలోంచి తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నా సంగతి కొంత చెప్పాలి. భాషాప్రవీణ చదివి, తెలుగు పండిత శిక్షణ పొంది, ముప్పై మూడేళ్ళు జిల్లా పరిషత్తు బడుల్లో, అందులోనూ ఎక్కువ కాలం బాపట్ల పరిసరాల్లో, తెలుగు చెప్పి తెనాలిలో స్థిరపడినవాణ్ణి. ఏ వర్ణం నోట్లో ఎక్కడ పుడుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. కంఠ్యాలు, తాలవ్యాలు, మూర్ధన్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు. అక్షరం పుట్టేచోటు గురించి అంత శ్రద్ధగా పాఠం చెప్పిన నేను, అది చేరవలసిన చోటు గురించి ఒక్కనాడూ ఆలోచించలేదు.

మనవడు 2019 ఫిబ్రవరిలో పుట్టాడు. తొలి పురుడు పుట్టింట్లోనే కనుక అయిదో నెల వరకూ తెనాలిలో మా ఇంట్లోనే ఉన్నాడు. పుట్టిన ఆసుపత్రిలో వాడి బరువు చూశారు, రంగు చూశారు, టీకాలు వేశారు. చెవులు పరీక్షించలేదు. అలాంటి పరీక్ష ఒకటి ఉంటుందని మాకూ తెలియదు.

మూడో నెలలో వాడు ఉంగాలు కొట్టడం మొదలుపెట్టాడు. ఆ ఉంగా వింటూ నేనొక సిద్ధాంతం కూడా చేశాను. మన వర్ణమాలలో వర్గాలు కంఠం దగ్గర మొదలై పెదవుల దగ్గర ముగుస్తాయి కదా, పసివాడు కూడా గొంతులోని 'గా'తోనే అక్షరాభ్యాసం చేస్తున్నాడని మా శ్రీమతికి ఉపన్యసించాను. ఆ తరువాత వచ్చే 'బాబాబా', 'మామామా'లు మాత్రం పెదవుల నుంచి పుడతాయి. అందుకే లోకంలో ఎన్నో భాషల్లో అమ్మకూ నాన్నకూ మకారమూ పకారమూ బకారమూ ఉన్న పిలుపులు దొరుకుతాయి. కవర్గం మాటల్లో కుదురుకునేసరికి మరికొంత కాలం పడుతుంది. కాకిని 'తాతి' అనని పిల్లవాడు అరుదు కదా! ఇవన్నీ నాకు ఎంతో ముచ్చటగా ఉండేవి.

నాకు తెలియని సంగతి ఒకటుంది. ఏమీ వినపడని పసికందు కూడా ఉంగా కొడుతుంది. అది గొంతు ఆట; దానికి చెవి అక్కరలేదు. ఆరు నుంచి పది నెలల మధ్య వచ్చే 'బాబాబా', 'దాదాదా' అలా కాదు. అవి తన గొంతు తాను విని, ఇంట్లోవాళ్ళ గొంతులు విని కట్టుకునే మాలలు. వినికిడి లోపమున్న పిల్లల్లో ఆ మాలలు ఆలస్యమవుతాయి, లేదా పలచగా వచ్చి ఆగిపోతాయి. మావాడు 'మ్మా' అనేవాడు, 'ఊ' అనేవాడు, పాడినట్టు రాగాలు తీసేవాడు. హల్లులు మాత్రం రాలేదు.

ముందుగా గుర్తించింది మా అమ్మాయే. 2019 డిసెంబరులో, వాడికి పదో నెలలో, "నాన్నా, వెనకనుంచి మెల్లగా పిలిస్తే చూడటం లేదు. గట్టిగా పిలిస్తేనే చూస్తున్నాడు. ఒకసారి గుంటూరు వెళ్దామా?" అని అడిగింది.

నేను నవ్వేశాను. మగపిల్లలకు మాటలు ఆలస్యమన్నాను. మా అన్నగారికి మూడేళ్ళకు గాని మాటలు రాలేదన్నాను. తెనాలి నీళ్ళు తాగినవాడికి మాటలకేం కొదవ అని చమత్కరించాను. ఇంట్లో తలా ఒక వైద్యం చెప్పారు. చిలక కొరికిన జామపండు తెచ్చి పెట్టారు. వస అరగదీసి నాకిస్తే వసపిట్టలా మాట్లాడతాడన్నారు. పసిపిల్లలకు వస మంచిది కాదని ఇప్పటి వైద్యులు అంటున్నారు. చెవుల్లో నూనె పోయమన్నారు; అదీ వద్దంటారు. ఇన్ని చేసిన వాళ్ళం గుంటూరు మాత్రం వెళ్ళలేదు. ఆపైన మార్చిలో కరోనా వచ్చి దారులన్నీ మూసుకుపోయాయి. అక్టోబరులో నా పళ్ళెం పరీక్ష జరిగింది.

2021 ఫిబ్రవరిలో, రెండేళ్ళు నిండిన వారంలో, మా అమ్మాయి నన్ను అడగలేదు. "రేపు గుంటూరు వెళ్తున్నాం" అని ఫోనులో చెప్పింది, అంతే. నేను తెనాలి నుంచి వెళ్ళి కలుసుకున్నాను.

ముందు చెవిలో చిన్న బిరడా వంటిది పెట్టి ఒక పరీక్ష చేశారు. దాన్ని ఓ.ఏ.ఇ. అంటారు. ఆరోగ్యంగా ఉన్న లోచెవి తనకు వినపడిన ధ్వనికి జవాబుగా తానే ఒక సన్నని ధ్వనిని పుట్టిస్తుందట! ఆ జవాబు వస్తున్నదా లేదా అని యంత్రం చూస్తుంది. నిమిషాల్లో అయిపోతుంది; పుట్టిన రెండో రోజునే చేయవచ్చు. తరువాత వాణ్ణి నిద్రపుచ్చి, నుదుటి మీదా చెవుల వెనుకా తీగలు అంటించి, ధ్వని మెదడు దాకా చేరుతున్న తీరును కొలిచారు. అది బెరా పరీక్ష. స్థాయినిబట్టి ఏ ధ్వని ఎంత వినపడుతున్నదో తేల్చే ఇంకో పరీక్ష కూడా ఆ నిద్రలోనే చేశారు.

డాక్టరుగారు మూడు ప్రశ్నలు అడిగారు. పుట్టగానే ఏడ్చాడా? కామెర్లు వచ్చాయా? మేనరికమా? మా అమ్మాయిని ఇచ్చింది మా శ్రీమతి అన్నగారి కొడుకుకే. ఆ సంబంధం కుదిర్చినవాణ్ణి నేనే. దగ్గరి బంధుత్వపు పెళ్ళిళ్ళలో పుట్టే పిల్లలకు వినికిడి లోపం వచ్చే అవకాశం కొంత ఎక్కువని ఆయన చెప్పారు. మావాడి లోపానికి కారణం అదేనని మాత్రం ఎవరూ తేల్చలేదు. మా అల్లుడు "ఇప్పుడా మాట ఎందుకు మామయ్యా" అని నా భుజం మీద చెయ్యి వేశాడు.

వినికిడి నిపుణురాలు చిన్నవయస్సు అమ్మాయి. "మాస్టారూ, మీరు తెలుగు పండితులు కదా, మీకు తేలిగ్గా అర్థమవుతుంది" అంటూ ఒక గళ్ళ కాగితం నా ముందు పెట్టింది. ఎడమ నుంచి కుడికి పోయేకొద్దీ ధ్వని కీచుదనం పెరుగుతుంది. పై నుంచి కిందికి దిగేకొద్దీ బిగ్గరదనం పెరుగుతుంది. ఆ కాగితం మీద ఆమె అక్షరాలు రాసింది. అచ్చులూ, మకార నకారాలూ ఎడమ పక్కన, కాస్త కిందుగా. క, త, ప, చ, శ, స కుడి పక్కన, పైన. సకారానికి ప్రాణమంతా నాలుగు వేల హెర్ట్జుల పైన ఉంటుందని చెప్పింది. తరువాత మావాడి గీత గీసింది. ఎడమ పక్కన మంచి వినికిడికి కొంచెమే దిగువన మొదలై, కుడివైపు పోయేకొద్దీ మెట్లు దిగినట్టు దిగిపోయింది.

"ఈ గీతకు కిందున్నవి బాబుకు వినపడతాయి. పైనున్నవి వినపడవు" అంది.

పైనున్నవి ఏమిటో చూశాను. క చ ట త ప. చిన్నయసూరి బాలవ్యాకరణం చెప్పినన్నాళ్ళూ నేను పరుషాలని నేర్పిన అయిదు. వాటి పక్కన ఊష్మాలు. పరుషమంటే కఠినమని అర్థం చెప్పేవాణ్ణి. బల్ల మీద బెత్తంతో కొట్టి 'ఇదీ పరుషం' అనేవాణ్ణి. చెవికి మాత్రం అవి అన్నిటికంటె బలహీనమైన ధ్వనులు. వాటిలో కంఠనాదం లేదు. ఒక్క గాలి విసురు, అంతే. అచ్చులను ప్రాణాలనీ హల్లులను ప్రాణులనీ మన వైయాకరణులు అన్నారు. మావాడికి ప్రాణాలు వినపడుతున్నాయి. సగం ప్రాణులు వినపడటం లేదు.

తాత, కాక, పాప, చాప. ఈ నాలుగు మాటల్లో పరుషాలు తీసేసి చూడండి. మిగిలేది ఒకటే. 'నాన్న వచ్చాడు', 'నాన్న వస్తాడు' అన్న వాక్యాలు చూడండి. జరిగినదానికీ జరగబోయేదానికీ మధ్య ఉన్న తేడా అంతా 'చ్చా'కూ 'స్తా'కూ మధ్యనే ఉంది. ఆ తేడా వినపడని పిల్లవాడు వీధి గుమ్మంలో నిలబడి ఏమనుకుంటాడు? 'వస్తాడు' అన్నప్పుడల్లా వచ్చాడేమోనని వెతుకుతాడు. మావాడు అలాగే వెతికేవాడు. మేము అల్లరి అనుకున్నాం.

"మరి పళ్ళెం కొడితే తిరిగాడమ్మా" అన్నాను.

"పళ్ళెం మోత వినపడుతుంది మాస్టారూ. తలుపు చప్పుడు, రైలు కూత, కుక్క అరుపు అన్నీ వినపడతాయి. మాట వినపడదు. పళ్ళెంతో పరీక్షించి ఇళ్ళ దగ్గర ఆగిపోయేవాళ్ళు మాకు చాలామంది వస్తారు" అంది. ఆ అమ్మాయి నిష్ఠూరంగా అనలేదు. మా అమ్మాయి నా వైపు చూడనూ లేదు.

ఆ సాయంత్రం తెనాలి తిరిగి వస్తూ నేను మనవడి గురించి కాక ఇంకొక పిల్లవాడి గురించి ఆలోచించాను.

1991 ప్రాంతం. బాపట్ల దగ్గర ఒక బడి. ఏడో తరగతిలో రెండో వరుసలో కూర్చునే కుర్రవాడు. ఉక్తలేఖనం చెప్పేటప్పుడు నేను వరుసల మధ్య తిరుగుతూ చెప్పేవాణ్ణి. నేను ఎదురుగా నిలబడి చెప్పినవన్నీ ఒప్పులు రాసేవాడు. వాడి వెనక్కు వెళ్ళి చెప్పినవన్నీ తప్పులు. 'కోట' అంటే 'తోట' అని రాసేవాడు; 'తాడి' అంటే 'కాడి' అనేవాడు. దీనికి నేను కనిపెట్టిన కారణం ఏమిటంటే, మాస్టారు కళ్ళముందుంటే భయం, వెనక్కు పోగానే పరాకు. అందుకు శిక్షగా గోడకుర్చీ వేయించాను. ఒకసారి కాదు.

వాడు నా పెదవులు చూసి రాస్తున్నాడని నాకు ముప్పై ఏళ్ళ తరువాత గుంటూరు బస్సులో అర్థమయింది.

విచిత్రమేమిటంటే బాపట్లలో బధిర బాలబాలికలకు ప్రభుత్వ ఆశ్రమ పాఠశాల ఉంది. ఆ దారిన ఎన్నోసార్లు సైకిలు మీద వెళ్ళాను. గేటు దగ్గర పిల్లలు చేతులతో గలగలా మాట్లాడుకోవడం చూశాను. చెవుడంటే ఆ గేటు లోపల ఉండేదని నా భావన. నా తరగతిలో, రెండో వరుసలో, సగం వినే చెవి ఒకటి ఉండవచ్చునని తోచలేదు. ఆ కుర్రవాడు ఏడుతో చదువు మానేశాడు. ఇప్పుడు నలభై దాటి ఉంటాడు. ఎక్కడున్నాడో ఒకరిద్దరిని వాకబు చేశాను, తెలియలేదు.

ఆ తరువాత నెలల్లో నేను మళ్ళీ విద్యార్థినయ్యాను. చదివినకొద్దీ ఆశ్చర్యం, దానివెంట బాధ. గర్భంలో ఆరో నెల దాటేసరికే శిశువుకు ధ్వనులు వినపడటం మొదలవుతుంది. పుట్టి మూడు రోజులైనా కాని పిల్లలు పరాయి స్త్రీ గొంతు కంటె తల్లి గొంతును కోరి వింటారని 1980లో ఆంథొనీ డికాస్పర్, విలియం ఫైఫర్ ప్రయోగం చేసి చూపారు. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ ప్రకటించిన పరిశోధన. మనకు సహజంగా తెలిసే టకార తకార భేదం ఇంగ్లీషువారి చెవికి అందదు కదా. ఆ ఇంగ్లీషు ఇళ్ళలోని ఆరు, ఎనిమిది నెలల పసివాళ్ళు హిందీలోని ఆ భేదాన్ని చక్కగా పట్టుకున్నారట! ఏడాది నిండేసరికి అదే పిల్లల్లో ఆ శక్తి సన్నగిల్లింది. తమ ఇంటి భాషకు అక్కరలేని భేదాలను చెవి వదిలేస్తుంది, కావలసినవాటిని బిగించుకుంటుంది.

అంటే పిల్లలు మాట్లాడని మొదటి ఏడాది ఖాళీగా గడిచే ఏడాది కాదు. అసలు చదువంతా అప్పుడే. మేము 'వస్తాయిలే' అని ఎదురుచూసిన నెలలు అవే. 1998లో అమెరికాలోని కొలరాడోలో క్రిస్టీన్ యొషినాగా ఇటానో బృందం చూపినది కూడా ఇదే. ఆరు నెలల లోపు లోపాన్ని గుర్తించి సాయం అందించిన పిల్లలు, ఆలస్యంగా గుర్తించినవారికంటె భాషలో స్పష్టంగా ముందున్నారు. అందుకే వైద్యులు ఒక లెక్క పెట్టుకున్నారు. నెలలోపు తొలి పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు వినికిడి సాధనం. మా అమ్మాయి అడిగిన నాటికీ మేము వెళ్ళిన నాటికీ మధ్య పద్నాలుగు నెలలు. అందులో కొన్నిటిని కరోనా ఖాతాలో వేయవచ్చునా అని నా మనస్సు ఇప్పటికీ బేరమాడుతూ ఉంటుంది.

మావాడికి రెండు చెవులకూ వినికిడి యంత్రాలు పెట్టారు. మొదటి వారంలో వాటిని పీకి మందారచెట్టు మీదికి ఒకసారి, నీళ్ళ తొట్టిలోకి ఒకసారి విసిరాడు. మూడో వారంలో ఉదయం లేవగానే తానే తెచ్చి చేతికివ్వడం మొదలుపెట్టాడు. యంత్రం పెట్టగానే మాటలు రావు. రెండేళ్ళ వినికిడి బాకీ ఉంది కదా. వారానికొకసారి గుంటూరులో శిక్షణ. మిగిలిన ఆరు రోజులూ ఇంట్లోనే. ఆ పనిలో పండితుడికంటె మా శ్రీమతే మెరుగు. పుట్టిల్లు రేపల్లే కనుక అక్కడే మకాం వేసింది. బీరకాయ తరుగుతూ, బియ్యం కడుగుతూ, వాడి కళ్ళెదుట కూర్చుని చేస్తున్న పనల్లా చెప్పేది. నేను వెళ్ళినప్పుడు ఉచ్చారణ దిద్దబోతే "ఏమండీ, ఇది బడి కాదు. వాణ్ణి మాట్లాడనివ్వండి" అనేది.

తెనాలి నుంచి రేపల్లె బండిలో వెళ్తే దారిలో భట్టిప్రోలు వస్తుంది. అక్కడి స్తూపంలో 1892లో దొరికిన ధాతుకరండాల మీద రెండు వేల ఏళ్ళకు పైబడిన అక్షరాలున్నాయి. మన లిపికి మూలరూపాల్లో వాటిని చెబుతారు. ఏళ్ళ తరబడి ఆ స్టేషను వస్తే నాకు లిపే గుర్తుకొచ్చేది. ఇప్పుడు అక్కడ ఆ రోజుల్లో ఏ తల్లి తన బిడ్డను ఏమని పిలిచిందో అనిపిస్తుంది. రాత రాతి మీద నిలిచింది. పిలుపు మాత్రం ఒక నోటి నుంచి ఒక చెవికి చేరి, మళ్ళీ ఇంకొక నోటికి వచ్చి మన దాకా నడిచింది.

2022 వేసవిలో ఒక సాయంత్రం, రేపల్లె ఇంటి గేటు పట్టుకుని నిలబడి, వీధిలోకి చూస్తూ వాడు "నాన్న వత్తాడు" అన్నాడు. వచ్చాడని కాదు. వత్తాడు. అంతవరకూ వాడి నోట జరగబోయేది ఏదీ లేదు. ముప్పై మూడేళ్ళు 'వత్తాడు' అని రాసిన ప్రతి పిల్లవాడి పుస్తకంలోనూ ఎర్రసిరాతో 'వస్తాడు' అని దిద్దినవాణ్ణి నేను. ఆ వేళ దిద్దలేదు.

ఇక మిత్రులకు నా విన్నపం. మీ ఇంట్లో గాని, పక్కింట్లో గాని పసిబిడ్డ ఉంటే ఈ కొద్దిపాటి లెక్క గుర్తుంచుకోండి. మూడు నెలలకు తల్లి గొంతు వింటే బిడ్డ నెమ్మదించాలి. ఆరు నెలలకు చప్పుడు వచ్చిన వైపు తల తిప్పాలి. పది నెలలకు 'బాబాబా' వంటి మాలలు వినిపించాలి, పేరు పెడితే పలకాలి. ఏడాదికి అటూ ఇటూగా తొలి మాట. రెండేళ్ళకు 'అమ్మా దా' వంటి రెండు మాటల వాక్యం. వీటిలో ఏది వెనకబడినా, అసలు ఏదీ వెనకబడకపోయినా కన్నతల్లికి అనుమానం తోచితే, పళ్ళేలు కొట్టకండి, పరీక్ష చేయించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకూ బడులకూ వచ్చే వైద్యబృందాలు వినికిడి లోపాన్ని కూడా చూసి పైకి పంపుతాయి. యంత్రంతో చాలని పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ అనే శస్త్రచికిత్స ఉంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంలో దానికి చోటు కల్పించారు. దానికి వయోపరిమితి ఉంది కనుక అక్కడ కూడా ఆలస్యమే శత్రువు. పరీక్షలో చెవులు బాగున్నాయని తేలితే మాటల ఆలస్యానికి వేరే కారణం వెతుకుతారు. ఆ తెలియడం కూడా లాభమే. ఏ సాధనంతోనూ వినలేని బిడ్డకు చేతుల భాష ఉంది. బాపట్ల గేటు దగ్గర నేను చూసినది నిండైన భాషేనని ఇప్పుడు తెలుస్తోంది. దాన్ని సైతం పసితనంలోనే అందించాలి.

మావాడు ఇప్పుడు మామూలు బడికే వెళ్తున్నాడు. ముందు వరుసలో కూర్చోబెట్టమనీ, పిల్లవాడికి ముఖం కనపడేలా మాట్లాడమనీ టీచరుగారిని మా అమ్మాయి అడిగింది. ఆవిడ వెంటనే ఒప్పుకున్నారు.

రోజూ ఉదయం యంత్రాలు పెట్టాక ఒక చిన్న పరీక్ష ఉంటుంది. డేనియల్ లింగ్ అనే ఆచార్యుడు ఏర్పరచినది. ఆరే ధ్వనులు: ఆ, ఊ, ఈ, మ్, ష్, స్. మాట వినడానికి కావలసిన మేరనంతా ఆ ఆరూ కొలుస్తాయి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మనం అనాలి, వాడు తిరిగి అనాలి. నేను రేపల్లెలో ఉన్న రోజుల్లో ఆ పని నాది.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు వాడికి కొత్త సరదా పుట్టింది. "తాతయ్యా, ఇవాళ నేను అడుగుతా, నువ్వు చెప్పు" అన్నాడు. చిన్న చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ అన్నాను. ఊ అన్నాను. ఈ, మ్, ష్ అన్నీ అప్పజెప్పాను. తరువాత వాడు నా వైపే చూస్తూ ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నాను.

"చెప్పు తాతయ్యా!"

"నువ్వు అనందే ఎలా చెప్పనురా?"

"అన్నాగా! రెండుసార్లు అన్నా!"

వయస్సు మళ్ళినవారి చెవిలో ముందుగా జారిపోయేవి కూడా ఆ కుడిపక్క ధ్వనులేనని నేను చదివే ఉన్నాను. కొంతకాలంగా టీవీ గొంతు పెంచమని నేను అడుగుతున్న మాట కూడా నిజమే. అయినా వాడి వేలి సందుల్లోంచి సకారం వచ్చిందేమో ఇంకోసారి వినాలని ముందుకు వంగాను. వంటింటి గుమ్మంలో మా అమ్మాయి నిలబడి ఇదంతా చూస్తోంది.

"నాన్నా, ఒకసారి గుంటూరు వెళ్దామా?" అంది.

వెళ్దామమ్మా అన్నాను.